అనవగాహన ధ్రువపత్రం

భీమశంకరం మాస్టారి కొంప ముంచింది ఒక సీలింగ్ ఫ్యాను.

ఆయన ముంగండపేట జూనియర్ కాలేజీలో కామర్స్ పాఠాలు చెప్పి చెప్పి రిటైరైన మనిషి. చిన్న వ్యాపారాల లెక్కల క్రమశిక్షణ మండలి వారు ఊళ్లో సదస్సు పెట్టి ఆయన్ని వక్తగా పిలిచారు. నిజానికి పిలిచింది ఆయన్ని కాదు, విజయవాడ నుంచి రావాల్సిన ఇంకొకాయన్ని. ఆయనకి జ్వరం వచ్చింది. ఆటో ఖర్చు లేకుండా దగ్గర్లో దొరికే మేధావి ఎవరని వాకబు చేస్తే భీమశంకరం పేరు తేలింది. ఈ సంగతి భీమశంకరానికీ తెలుసు. తెలిసినా ఇస్త్రీ చొక్కా తొడుక్కుని అందరికంటే ముందే వెళ్లి కూర్చున్నాడు. ఆయన తీరే అంత.

విషయం, చిన్న వ్యాపారాల్లో బుక్ కీపింగుకీ అకౌంటింగుకీ తేడా. రాత్రంతా కూర్చుని రాసుకున్న కాగితాన్ని మైకు ముందు పెట్టగానే ఫ్యాను గాలికి అది లేచి వేదిక కిందకి పోయింది. వంగి వెతుక్కుంటే పరువు తక్కువని, నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాడు.

"బుక్ కీపింగ్ అంటే జరిగింది జరిగినట్టు రాసుకోవడం. ఇవాళ ఇంత వచ్చింది, ఇంత పోయింది, అంతే. అకౌంటింగ్ అంటే ఆ రాసినదంతా చూసి, ఈ వ్యాపారం బతుకుతోందా, చితుకుతోందా, ఎందుకు, రేపేం చెయ్యాలి అని తేల్చుకోవడం."

ఇది సరైన మాటే. ఇక్కడ కూర్చుని ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ గుమ్మం దగ్గర్నుంచి ఒకాయన, భోజనాలు ఇంకా కాలేదు, ఇంకాస్సేపు సాగదీయండి అని చేత్తో సైగ చేశాడు. సాగదీయమంటే భీమశంకరానికి కొత్తేమీ కాదు. జీతం తీసుకున్నదే అందుకు.

"మిత్రులారా, రాసే చెయ్యి వేరు. అర్థం చేసుకునే బుర్ర వేరు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉండటమే మన చిన్న వ్యాపారాలకి పట్టిన పెద్ద జబ్బు."

ఆ మాటకి అర్థమేమిటో అన్నవాడికే తెలీదు. సరిగ్గా అప్పుడే గుత్తివంకాయ కూర వాసన హాల్లోకి రావడంతో అందరూ ఉత్సాహంగా చప్పట్లు కొట్టి లేచారు. లేవని మనిషి ఒక్కడే. ఆయన మండలి డైరెక్టర్ మార్కండేయ ప్రసాద్. ఆయన ఆ వాక్యాన్ని డైరీలో రాసుకుంటున్నాడు. రాసుకున్నాక వేదికెక్కి, "భీమశంకరం గారు ఈరోజు వాణిజ్య చరిత్రలో ఒక విభజన రేఖ గీశారు" అని శాలువా కప్పాడు. అంత ఉక్కలోనూ మాస్టారు ఆ శాలువా తియ్యకుండానే భోజనం చేశాడు.

నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. "నమోదు, అన్వయము అను రెండు క్రియలు ఏక వ్యక్తియందు సంగమించుటవలన కలుగు అనర్థములను నివారించు నిమిత్తము" అని మొదలై, చెప్పవలసింది రెండు ముక్కల్లో చెప్పింది. ఇకనుంచి ప్రతి చిన్న వ్యాపారానికీ ఇద్దరు ఉండాలి. లెక్క రాసే మనిషి నమోదుదారు. తాను రాసేది ఆ మనిషికి అర్థం కాకూడదు. అర్థం కాదని మండలి పరీక్ష పెట్టి, అనవగాహన ధ్రువపత్రం ఇస్తుంది. లెక్కకి అర్థం చెప్పే మనిషి అన్వయదారు. ఆ మనిషి కలం ముట్టకూడదు, ఆ వ్యాపారాన్ని కళ్లతో చూసి ఉండకూడదు. వాళ్లని పక్క జిల్లాల నుంచి మండలే కేటాయిస్తుంది. అడుగున, "ఆధారం: భీమశంకర సూత్రం" అని ఉంది.

మాస్టారు ఆ ఉత్తర్వుని జిరాక్సు తీయించి తెలిసినవాళ్లకీ తెలియనివాళ్లకీ పంచాడు. అర్థం లేకుండా అన్న మాట ప్రభుత్వ భాషలోకి మారేసరికి ఎంత గంభీరంగా ఉందో చూసుకుని మురిసిపోయాడు. బహుశా అప్పుడు నా ఉద్దేశం కూడా ఇదే అయ్యుంటుంది అనుకున్నాడు.

బజార్లో కథ వేగంగా నడిచింది. కామర్స్ తప్పినవాళ్లకి ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. గణపతిరాజు అనే పాత శిష్యుడు దారిలో ఆపి, వంగి కాళ్లకి దణ్ణం పెట్టాడు. "మీ చలవేనండి మాస్టారూ. మీ క్లాసులో కూచోబట్టే ఇయ్యాల మూడు షాపుల్లో రాస్తన్నాను. ధ్రువపత్రం మొదటి దెబ్బకే ఇచ్చేశారండి." భీమశంకరం ఆశీర్వదించాడు. నాలుగడుగులు వేశాక గానీ అది పొగడ్త కాదేమోనన్న అనుమానం రాలేదు.

రాసే మనిషికి రాస్తుండగా అర్థమైపోతే అది నేరం. దాని పేరు ఏకకాల అవగాహన. దాన్ని పట్టుకోవడానికి మండలి ముఖకవళికల తనిఖీ మొదలుపెట్టింది. టిఫిను హోటలాయన పద్దు రాస్తూ చిన్నగా నవ్వాడని జరిమానా వేశారు. గాజుల కొట్టావిడ కూడిక చివర నిట్టూర్చిందని నోటీసు ఇచ్చారు. దాంతో సాయంత్రం వేళ బజారంతా ఫొటో తీయించుకుంటున్నట్టు మొహాలు బిగించుకుని లెక్కలు రాసేది.

అన్వయదారుల సంగతి చెప్పనక్కర్లేదు. ఐసు దుకాణానికి కేటాయించిన అన్వయదారు ఆ దుకాణాన్ని చూడలేదు గనక, పుస్తకం చదివి, "మధ్యాహ్న సమయములందు సరుకు నిల్వ దానంతట అదే తరుగుచున్నది. దొంగతనము స్పష్టము. పోలీసు ఫిర్యాదు చేయవలెను" అని అన్వయించాడు. ఐసు దుకాణం అప్పలస్వామి పోలీసు స్టేషనుకి వెళ్లి, ఎండ మీద కేసు పెట్టమని బతిమాలుకున్నాడు.

ఇదంతా భీమశంకరం వీధరుగు మీద కూర్చుని పేపరు చదువుతూ, ఎవరికో జరుగుతున్నట్టు వింటూ వచ్చాడు. ఆ అరుగుని ఆనుకునే తన భార్య సత్యవేణి పిండి మర ఉందన్న సంగతి ఆయనకి గుర్తులేదు. మర ఆయనకి ఎప్పుడూ చప్పుడు రూపంలోనే తెలుసు.

ఒకరోజు మండలి సూపరింటెండెంటు సోమేశ్వరి గారు తనిఖీకి వచ్చింది. ఆ వేళప్పుడు సత్యవేణి పద్దు రాస్తూ, గోధుమలు పట్టించుకోవడానికి వచ్చినావిడతో మామూలుగా ఒక మాట అంది. "పోయిన్నెల కరెంటు బిల్లుక్కూడా రాలేదమ్మా. కారాలు మొదలైతే గానీ తేరుకోలేం."

సోమేశ్వరి గారు కలం తీసింది. "అమ్మా, మీరు రాశారు. రాస్తూనే తెలుసుకున్నారు. ఏకకాల అవగాహన."

"నా మర సంగతి నాకు తెలీకపోతే ఇంకెవరికి తెలుస్తాదండీ?"

"ఎవరికీ తెలియకుండా ఉండేందుకే కదమ్మా మండలి ఇంత శ్రమ పడుతున్నది."

నోటీసు గోడకి అంటించారు. వచ్చే నెల మొదలయ్యేలోగా ధ్రువపత్రం ఉన్న నమోదుదారు కూర్చోకపోతే మరకి సీలు వేస్తారు. సీలు వెయ్యడమంటే ఏమిటో ముంగండపేటలో ఎవర్నడిగినా చెబుతారు. ఎండాకాలంలో కారాలు పట్టే ఆ కొద్ది వారాలు ఊరి ఆడవాళ్లంతా ఎండబెట్టిన మిరపకాయలు తొడిమలు తీసి తెస్తారు. ఏడాదికి సరిపడా కారం అప్పుడే. ఆవకాయ కారం అప్పుడే. మిగతా ఏడాదంతా మర తిరిగేది ఆ వారాల ఆసరాతో. ఆ వారాలు పోతే మర పోయినట్టే. సత్యవేణి నగలు అమ్మి పెట్టుకున్న మర అది.

రాత్రి కంచం ముందు పెడుతూ ఆవిడ అడిగింది. "ఏవండీ, చెయ్యి వేరు, బుర్ర వేరు అన్నది మీరేనా?"

"నేనన్నది ఆ ఉద్దేశంతో కాదు."

"మరి ఏ ఉద్దేశంతో?"

భీమశంకరం నిజమే చెప్పాడు. "వంకాయ కూర ఉడకలేదని."

సత్యవేణి తిట్టలేదు. తిడితే ఆయనకి బావుండేది. అన్నం వడ్డించి, వెళ్లి మర గదిలో కూర్చుంది. ఆ రోజునుంచి అవసరమైన మాటలు తప్ప మాట్లాడటం మానేసింది. భీమశంకరానికి నిజంగా భయం వేసింది. ఉద్యోగంలో ఎంతమంది చేత తిట్లు తిన్నా పడని భయం అది.

బయటి నమోదుదారుకి జీతమిచ్చే స్తోమత మరకి లేదు గనక, మర్నాడే మండలి ఆఫీసుకి వెళ్లాడు. మార్కండేయ ప్రసాద్ గారు లేచి నిలబడి ఆహ్వానించాడు. ఆయన బల్ల వెనక గోడ మీద సూత్రం అద్దం కట్టించి ఉంది.

"మా ఆవిడ రాస్తుంది, మరకి నేను అన్వయదారుగా ఉంటానండి. ఇంతవరకు ఆ మర గదిలో అడుగు పెట్టలేదు. కామర్స్ చదువుకున్నవాణ్ణి. అర్థం చెప్పడం నా వృత్తి" అన్నాడు మాస్టారు.

"మహద్భాగ్యం. అయితే ఒక చిన్న విచారణ. సదరు మరలో ఆడించిన పిండితో చేసిన పదార్థం ఏదైనా మీరు భుజించి ఉన్నారా?"

"రోజూ చపాతీలు తింటానండి."

డైరెక్టరు బాధగా తల ఊపాడు. "ఆంతరంగిక స్పర్శ. నిష్పాక్షికత జీర్ణమైపోయింది. తమరు అన్వయానికి అనర్హులు."

"పోనీ నమోదుదారుగా?"

"తమరు సూత్రకర్తలు. ఎమ్.కామ్. అవగాహన లేదని నిరూపించుకోవడం తమకి కష్టసాధ్యం. అయినా నియమం ముందు అందరూ సమానులే. పరీక్షకి కూర్చోండి."

పరీక్షలో మార్కులు ఎంత తక్కువ వస్తే అంత మంచిది. అవగాహన ఎక్కడైనా కనబడితే తప్పినట్టు. ప్రశ్నపత్రం తయారుచేసింది కూడా ఎక్కడినుంచో కాదు, భీమశంకరం సొంత ఖర్చుతో అచ్చు వేయించుకున్న కామర్స్ గైడు నుంచే. దాని కాపీలు చాలావరకు ఇంట్లో మంచం కింద ఉన్నాయి. అమ్ముడైన కాపీల్లో ఒకటి మండలికి చేరిందని తెలిసి, ఆ స్థితిలోనూ ఆయనకి సంతోషం కలిగింది.

అన్నీ తప్పు రాయాలని గట్టిగా నిర్ణయించుకుని వెళ్లాడు. మొదటి ప్రశ్న, చిట్టా అంటే ఏమిటి. 'చిట్టా అంటే అడవి జంతువు' అని రాద్దామని కలం పెట్టాడు. చెయ్యి కదల్లేదు. సత్యవేణి మర గుర్తొచ్చేటట్టు గేటు బయట ఎవరో పిండి డబ్బా మోసుకెళ్తున్నారు. అయినా చెయ్యి కదల్లేదు. ఇన్నేళ్లూ ఎంతమంది పిల్లల్ని తప్పించాడో, ఇవాళ తనని తప్పు రాయమంటే ప్రాణం ఒప్పుకోలేదు. రోజువారీ పద్దుల పుస్తకమని చిట్టా నిర్వచనం రాశాడు. ఖాతాల పుస్తకం ఆవర్జా గురించి రాశాడు. జమాఖర్చులు సరిచూసే అంకణా పట్టీ గీశాడు, గీతలు స్కేలుతో కొట్టి మరీ.

చివరి ప్రశ్న గైడులోది కాదు. "ఒక పిండి మర ఉన్నది. యజమాని ఇల్లు దాని వెనుకనే ఉన్నది. సీజనులో రోజంతా మర ఆగకుండా తిరిగినను సాయంత్రమునకు గల్లాపెట్టెలో తగినంత మిగులుట లేదు. ఎందుకు?" దానికి మాస్టారు విజృంభించాడు. తరుగుదల గురించి రాశాడు. స్థిర వ్యయాలు, చర వ్యయాలు రాశాడు. గుడ్‌విల్ లెక్కగట్టే పద్ధతులన్నీ రాశాడు. అదనపు కాగితాలు అడిగి తీసుకుని, దారంతో కట్టి ఇచ్చాడు.

బయటికొచ్చాక తెలిసింది, ఏం చేశాడో. నూటికి నూరు వస్తాయి. మరకి సీలు పడుతుంది. ఒక్క పూట తెలివితక్కువవాడిగా కనబడటానికి ఒప్పుకోలేక పెళ్లాం బతుకు బుగ్గి చేశాను అనుకున్నాడు. ఇంటికి వెళ్లలేదు. సోడా కొట్టు దగ్గర నిలబడి సోడా మీద సోడా తాగాడు.

ఫలితాలు చెప్పడానికి సోమేశ్వరి గారు పిలిస్తే, తల వంచుకుని వెళ్లాడు.

"అభినందనలు మాస్టారూ. ఉత్తీర్ణులయ్యారు. జిల్లాలో ప్రథమ స్థానం."

భీమశంకరానికి వినబడలేదేమో అనుకుని ఆవిడ మళ్లీ చెప్పింది.

"నేను అన్నీ సరిగ్గానే రాశానండీ" అన్నాడు ఆయన.

"రాశారు. గైడులో ఉన్నది ఉన్నట్టు, కామాతో సహా. మండలి దృష్టిలో అది నమోదు. అవగాహన కిందికి రాదు. చివరి ప్రశ్న ఒక్కటే అవగాహనకి పెట్టాం. దానికి మీరు పుస్తకమంత రాశారు. చదివిన ముగ్గురం కూడా ఒకే మాట అనుకున్నాం. డబ్బు ఎందుకు మిగలడం లేదో తప్ప అన్నీ ఉన్నాయి." ఆవిడ డైరెక్టరు గారి సంతకం ఉన్న ధ్రువపత్రం అందిస్తూ గౌరవంగా లేచి నిలబడింది. "మిగతావాళ్లు కష్టపడి అర్థం కానట్టు నటించారండి. మీది సహజం."

మర నిలబడినందుకు ఏడవాలనిపించేంత సంతోషం. ఎలా నిలబడిందో తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలీని సిగ్గు. రెండూ కలిసి ఉన్న మొహంతో ఇంటికి వెళ్లి ధ్రువపత్రం చూపించాడు. సత్యవేణి రెండుసార్లు చదివింది. "సంతకం పెట్టినాయన మిమ్మల్ని ఎన్నాళ్లుగా ఎరుగుదురండీ?" అని మాత్రం అడిగింది.

కారాల సీజను మొదలైంది. భీమశంకరం మొట్టమొదటిసారి మర గదిలో బల్ల ముందు కూర్చున్నాడు. ఘాటుకి తుమ్ములు ఆగలేదు. గుడ్డ గొట్టంలోంచి ఎర్రటి కారం డబ్బాల్లోకి దిగుతోంది. బయట వరస వీధి మలుపు దాకా ఉంది. సత్యవేణి తల మీద తుండు కట్టుకుని మిరపకాయలు పోస్తూ, తూకం చెబుతోంది. ఆయన రాస్తున్నాడు.

మొదటావిడ సంచి తీసుకుని, "మాస్టారి తాలూకు అండి" అని వెళ్లిపోయింది. డబ్బు ఇవ్వలేదు. సత్యవేణి అడగలేదు. ఇంకొకావిడా అంతే. కాలేజీ ప్రిన్సిపాలు గారి వియ్యపురాలు, ట్రెజరీ ఆఫీసు గుమస్తా బావమరిది, గైడుకి ముందుమాట రాసినాయన తమ్ముడి భార్య. అందరూ ఒకటే మాట. మాస్టారి తాలూకు.

భీమశంకరం కలం ఆపాడు. "వీళ్ల దగ్గర డబ్బు తీసుకోవేం?"

సత్యవేణి మర నోట్లో మిరపకాయలు పోస్తూనే జవాబు చెప్పింది. "మా వాళ్ల దగ్గర చిల్లర పుచ్చుకుంటే నా పరువేం కాను అని మీరే కదా అన్నారు. మర పెట్టిన రోజున. అప్పట్నుంచి పుచ్చుకోవట్లేదు."

ఆయనకి పరీక్షలో ఆఖరి ప్రశ్నకి జవాబు తెలిసింది. అదనపు కాగితాలు అక్కర్లేదు, ఒక్క ముక్క చాలు. ఆ మర తిరిగినంతకాలం తిరిగింది తన పరువు కోసం. ఆ పరువుకి విద్యుత్తు, బెల్టు, సత్యవేణి ఒళ్లు నొప్పులూ అన్నీ ఖర్చు. వ్యాపారం సొమ్ము యజమాని సొంతానికి తీసుకోవడం, సొంత వాడకాలు అని తను ఏళ్లతరబడి పాఠం చెప్పినది ఇదే. తీసుకుంటున్నది ఎవరో మాత్రం ఎన్నడూ చూసుకోలేదు.

తల ఎత్తేసరికి గుమ్మంలో సోమేశ్వరి గారు. ముఖకవళికల తనిఖీ. ఆవిడ దగ్గరికొచ్చి ఆయన మొహంలోకి పరీక్షగా చూసింది.

"కళ్లు ఎర్రబడ్డాయేం మాస్టారూ? ఏమైనా అర్థమైందా?"

సత్యవేణి చెయ్యి ఆగింది. అవునంటే మరకి సీలు. భీమశంకరం తుమ్మి, "కారం ఘాటండి" అన్నాడు.

సోమేశ్వరి గారు నమ్మలేదు. పక్కనే స్టూలు వేసుకుని కూర్చుంది. అప్పుడే డైరెక్టరు గారి కారు వచ్చి ఆగింది. డ్రైవరు పెద్ద గోనె సంచి దింపాడు. "డైరెక్టరు గారింటి కారమండి. ఆయ్, అమ్మగారి పుట్టింటోళ్లదీ కలిపి ఇచ్చారండి." వరస తప్పించి ముందు పట్టించుకుని, డబ్బాలు కారులో పెట్టుకుని, స్టీరింగు ముందు కూర్చోబోతూ అన్నాడు. "మాస్టారి తాలూకు."

"ఆగు బాబూ" అన్నాడు భీమశంకరం. "నేను నమోదుదారుని. తూకం రాశాను, రేటు రాశాను. తాలూకు అంటే ఏమిటో నాకు తెలీదు."

"అదేటండీ. తాలూకు అంటే, మరి, డైరెక్టరు గారూ మీరూ..."

"చెప్పకు. అర్థమైతే నేరం. సూపరింటెండెంటు గారు ఇక్కడే ఉన్నారు."

సోమేశ్వరి గారు ఆయన మొహం చూసింది. ఒక్క గీత కదల్లేదు. ఆవిడకి అభ్యంతరం చెప్పడానికి ఏమీ దొరకలేదు. వరసలో ఉన్నవాళ్లంతా మెడలు సాచి చూస్తున్నారు. డ్రైవరు ఫోను కలిపి మాస్టారి చేతికిచ్చాడు.

"మాస్టారూ, మార్కండేయ ప్రసాద్‌ని. ఏదో చిన్న పొరపాటు జరిగినట్టుంది. మనలో మనకి... కొంచెం అర్థం చేసుకోండి."

"అదొక్కటే కుదరదండి" అన్నాడు భీమశంకరం. "నాకు అర్థం కాదని మీరే సంతకం పెట్టారు."

ఫోను డ్రైవరుకి ఇమ్మన్నాడు అవతలాయన. అది మళ్లీ డ్రైవరు చేతికి వెళ్లింది. డ్రైవరు డబ్బు లెక్కపెట్టి బల్ల మీద పెట్టాడు. వరసలో తాలూకు మాట నోటిదాకా తెచ్చుకున్నవాళ్లు కొందరు చిల్లర తెచ్చుకోవడానికి ఇళ్లకి మళ్లారు.

సత్యవేణి మోటారు ఆపి దగ్గరికొచ్చింది. బల్ల మీద డబ్బు చూసింది, ఆయన్ని చూసింది.

"నిజంగా మీకు ఏమీ అర్థం కాలేదా?" అంది మెల్లగా.

సోమేశ్వరి గారు స్టూలు మీదనుంచి ముందుకి వంగింది.

"ఏమీ అర్థం కాలేదు" అన్నాడు భీమశంకరం.

సత్యవేణి లోపలికి వెళ్లి టీ పెట్టి తెచ్చింది. గ్లాసు ఆయన చేతికిస్తూ, తన కొంగుతో ఆయన కళ్ల మీది కారం తుడిచింది. "ఇన్నాళ్లకి" అంది. అని మోటారు వేసింది.